పదిహేను వందల ఒకటి

శివరామకృష్ణకి పుస్తకాల పిచ్చి పుట్టుకతో వచ్చింది కాదు. అలా వచ్చిందైతే ధనశ్రీ పెళ్లిచూపుల్లోనే పసిగట్టి తప్పించుకునేది. ముప్పై తొమ్మిదో ఏట, మోకాలి నొప్పితో పాటు వచ్చింది. మోకాలికైతే పూసుకోవడానికి ఏదో ఒక మందుంది.

మనిషి మాత్రం మంచివాడండీ, ఆ మాట ముందే చెప్పేయాలి. తండ్రి కోనసీమ నుంచి పోర్టు ఉద్యోగానికొచ్చి విశాఖలో పాతుకుపోయాడు. కొడుక్కీ ఆ పోర్టులోనే లారీల కాటా దగ్గర గుమాస్తా పని దొరికింది. బొగ్గు లారీ కాటా ఎక్కుతుంది, మనవాడు బరువు చూసి రాస్తాడు, లారీ దిగిపోతుంది. మళ్లీ ఇంకోటి. పదహారేళ్లుగా కోట్ల రూపాయల సరుకు అతని కళ్ల ముందే తూగి వెళ్లిపోయింది. అందులో అతనికి దక్కింది చొక్కా కాలర్ మీద మసి ఒక్కటే.

ఒకరోజు వాన పడుతుంటే పాత ఊళ్లో నజీర్ అహ్మద్ పాత పుస్తకాల కొట్టు చూరు కింద నిలబడ్డాడు. ఊరికే నిలబడితే బాగుండదని ఒక పుస్తకం తీశాడు. మొదటి పేజీలో మొదటి వాక్యం: "నువ్వు ఇలాగే ఉండిపోవడానికి పుట్టలేదు." శివరామకృష్ణ గుండె ఝల్లుమంది. పోర్టులో అతన్ని "ఏయ్, కాటా" అంటారు. ఇంట్లో "ఏవండీ" అంటారు, కానీ ఆ పిలుపు వెనకాల ఎప్పుడూ ఏదో ఒక పని ఉంటుంది. నువ్వు ఏదో అవుతావని ఇంత ధీమాగా అతనితో అన్నవాళ్లు అంతవరకూ ఎవరూ లేరు. అరవై రూపాయలిచ్చి కొనుక్కుని, చొక్కాలో దాచుకుని, తను తడిసి దాన్ని తడవనివ్వకుండా ఇంటికి పట్టుకెళ్లాడు.

ఏడాది తిరిగేసరికి పదకొండు పుస్తకాలయ్యాయి. అన్నీ డబ్బు గురించీ, మనిషి బాగుపడ్డం గురించీ. చదివినదంతా ఒక నోటుపుస్తకంలో నెంబర్లేసి పాఠాలుగా రాసుకున్నాడు. నలభై ఒక్క పాఠాలు.

చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అన్నారా పెద్దలు! మూడో పాఠం, నాలుగింటికి లేచినవాడిదే లోకం. లేచాడు. లేచి ఏం చెయ్యాలో రెండో భాగంలో ఉందట. నజీర్ దగ్గర రెండో భాగం లేదు. దాంతో నాలుగు నుంచి ఆరు దాకా మంచం మీద కూర్చుని ఫ్యాను చూస్తూ ఉండేవాడు. ధనశ్రీ ఏ పుస్తకమూ చదవకుండానే నాలుగింటికి లేస్తుంది. గోపాలపట్నంలో వాళ్ల వీధిలో నలభై ఇళ్లకి దోసెల పిండి ఆమే రుబ్బి ఇస్తుంది.

తొమ్మిదో పాఠం, టీ డబ్బులు మిగిల్చినవాడు మేడ కడతాడు. కాటా దగ్గర టీ మానేశాడు. మానేసి, పక్క సీటు ఎల్లారావు టీలో సగం తాగేవాడు. వారం ఊరుకుని ఎల్లారావే రెండు టీలు చెప్పడం మొదలెట్టాడు.

ఇక పన్నెండో పాఠం. రోజూ అద్దం ముందు నిలబడి "నేను సంపన్నుణ్ణి" అని ఇరవై ఒక్కసార్లు అనాలి. అద్దం బాత్‌రూములో ఉంది. బాత్‌రూము కిటికీ పై వాటా వైపు ఉంది. పై వాటాలో ఇంటివాళ్లున్నారు. నెల తిరక్కుండా అద్దె ఐదొందలు పెంచారు.

ధనశ్రీ అన్నీ భరించింది. "నీ పిండికి ఒక పేరు పెట్టాలి, పది ఊళ్లకి పంపాలి" అని భర్త ఉపన్యాసమిస్తే, "ముందు ఆ గ్రైండర్ కడగండి" అని ఊరుకుంది. కానీ ఒక బుధవారం నాడు వంటింటి మూల పెట్టిన మినపగుళ్ల బస్తాకి ఎలక కన్నం పెట్టింది. నాలుగు కేజీల పప్పు నేలపాలు. ఆ బస్తా ఉండాల్సింది బీరువా కింది అరలో. ఆ అరలో పదకొండు పుస్తకాలూ కాలు మీద కాలేసుకుని కూర్చున్నాయి.

ధనశ్రీ చీపురు పక్కన పెట్టి, చాలా నెమ్మదిగా మాట్లాడింది. ఆవిడ నెమ్మదిగా మాట్లాడితే శివరామకృష్ణకి చెమటలు పడతాయి.

"ఏవండీ, మీ పుస్తకాల మీద నాకేం పగ లేదు. ఈ ఆదివారం లోపు అందులో ఏదో ఒక ముక్క పట్టుకుని ఒక్క రూపాయి సంపాదించి నాకు చూపించండి. లక్షలొద్దు. ఒక్క రూపాయి. చూపిస్తే ఆ అర మీదే, నేను దాని జోలికి రాను. లేదంటే సోమవారం పొద్దున్నే అన్నీ నజీర్ గారి కొట్టుకి వెళ్లిపోతాయి, నా బస్తా లోపలికి వెళ్తుంది."

నవ్వులాటగానే అంది. కానీ శివరామకృష్ణకి ఆ రాత్రి అన్నం సయించలేదు. పుస్తకాలు పోతే పోయాయి. "నువ్వు ఇలాగే ఉండిపోవడానికి పుట్టలేదు" అన్న ఆ ఒక్క గొంతు కూడా పోతుంది. అప్పుడిక మిగిలేది "ఏయ్, కాటా".

మర్నాడు డ్యూటీ దిగి నజీర్ అహ్మద్ దగ్గరికి పరిగెత్తాడు. నజీర్ అరవై దాటిన మనిషి, కళ్లజోడు నుదుటి మీద పెట్టుకుని ఇల్లంతా వెతుక్కునే రకం. సంగతంతా విని గడ్డం నిమురుకున్నాడు.

"నిజం చెప్పమంటారా సాబ్? నా కొట్లో వంటల పుస్తకం అమ్మితే మళ్లీ తిరిగి రాదు. ఈ డబ్బుల పుస్తకాలున్నాయి చూశారూ, ఏడాదిలో అన్నీ తిరిగొస్తాయి. ఒక్కోటి నాలుగేసి సార్లు అమ్మాను. వీటి మీద బాగుపడింది ఎవరయ్యా అంటే, నేనే."

"అలా అనకండి నజీర్ భాయ్. ఒక్క రూపాయి. దారి చెప్పండి."

"ఇంత చదివారు కదా, ఎప్పుడైనా ఏదన్నా ఒకచోట కొని ఇంకోచోట అమ్మారా?"

శివరామకృష్ణ ఆలోచించాడు. లేదు. పదహారేళ్లలో ఒక కొబ్బరికాయ కూడా అమ్మలేదు.

"అయితే ముందు అది చెయ్యండి," అన్నాడు నజీర్, కళ్లజోడు కోసం బల్ల మీద తడుముకుంటూ.

దారి చూపించినవాడు ఎల్లారావు. అతని వాళ్లంతా ఫిషింగ్ హార్బర్‌లోనే ఉంటారు. ప్రతి ఆదివారం తెల్లారగట్ట అక్కడ చేపల వేలంపాట దగ్గరికి వెళ్లి పలకరించి రావడం అలవాటు. "నాతో రా బావా," అన్నాడు. "పాటలో కుప్ప కొనుక్కో, అక్కడే సిల్లర యాపారం సేసీవోల్లకి అమ్మీ. రూపాయేటి, రెండొందలు మిగులుతాది. కానీ నాను సెప్పినప్పుడే నోరిప్పాల. తెల్సిందా?"

తెలియకేం! శివరామకృష్ణ ఐదో పాఠం ప్రకారం ప్రతి జీతంలోనూ ముందు తన వాటా ఐదొందలు తీసి పక్కన పెట్టుకున్నాడు. ఐదు నెలలకి రెండున్నర వేలు. అది జేబులో పెట్టుకుని ఆదివారం నాలుగింటికి బండి తీశాడు. నాలుగింటికి లేచినందుకు మొదటిసారి ఒక పని దొరికింది.

హార్బర్‌లో అప్పటికే కొంపలంటుకున్నంత హడావిడి. లైట్ల కింద తడి గచ్చు మెరుస్తోంది, ఐసు మరలో ఐసు పొడి అవుతోంది, బోట్లలోంచి చేపల తట్టలు దిగుతున్నాయి. పాట పెట్టేది తాతబాబు. పొట్టి మనిషి, గొంతు మాత్రం సముద్రం అవతల ఒడ్డుకి వినిపిస్తుంది. చేపలు కుప్ప పోసి మొదటి ధర ఎవరో అనగానే అందుకుంటాడు, ఇక చుట్టూ ఉన్న ముప్పై మందీ ఒకరి మీద ఒకరు అరుచుకుంటారు. శివరామకృష్ణ చూస్తుండగానే ఒక వంజరం కుప్ప నాలుగు వేల దగ్గర మొదలై తొమ్మిది వేలకి పోయింది. కానాగంతల కుప్ప ఒకటి, రెండు తట్టల చేపలు, మూడు వేల వంద పలికింది. అతని నోరు తెరుచుకునే ఉంది.

"నోరు మూసుకో బావా, ఈగలెల్తాయి," అన్నాడు ఎల్లారావు. "నానెల్లి టీ పట్టుకొత్తాను. నానొచ్చీదాకా నోరిప్పకు. సూడు, అంతే."

ముందుంది మొసళ్ల పండగ అంటే ఇదే. ఎల్లారావు అటు వెళ్లాడు. ఇటు సత్యం అనే ఆయన బోటు నుంచి ఇంకో కానాగంతల కుప్ప దిగింది. అచ్చం ఇందాకటి లాంటిదే, మొప్పలు ఎర్రగా, చేప నిగనిగలాడుతూ. తాతబాబు గొంతు సవరించుకున్నాడు. ముందు వరసలో ఉన్న ఒక యాభై ఏళ్ల ఆవిడ, చీర బిగించి కట్టుకుని రెండు ఖాళీ తట్టలు పక్కన పెట్టుకున్న ఆవిడ, మామూలు గొంతుతో అంది.

"పదిహేను వందలు."

"పదిహేను వందలు!" అన్నాడు తాతబాబు.

అంతే. ఇంకెవరూ నోరెత్తలేదు. అంతసేపు గొంతులు చించుకున్న ముప్పై మందీ చప్పున చల్లబడ్డారు. ఒకడు తలపాగా విప్పి మళ్లీ కట్టుకుంటున్నాడు. ఒకడు ఆకాశం చూస్తున్నాడు, మబ్బు పట్టిందేమో అన్నట్టు. ఒకావిడ కొంగు చివర ముడి విప్పి, మళ్లీ ముడేసింది.

శివరామకృష్ణ ఒళ్లు గగుర్పొడిచింది. పదిహేడో పాఠం! పేజీ కూడా గుర్తుంది. "ఎక్కడ అందరూ చేతులు ముడుచుకుంటారో, అక్కడ నువ్వు చెయ్యి చాపు. గుంపు జంకిన చోటే లాభం దాక్కుని ఉంటుంది." మూడు వేల సరుకు పదిహేను వందలకి పోతోంది, ఇంతమందీ జంకుతున్నారు! ఎందుకు జంకుతున్నారో పుస్తకం కనుక్కోమనలేదు. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి.

"పదహారు వందలు!" అన్నాడు. గొంతు కాస్త కీచుగా వచ్చింది.

తలపాగా కట్టుకుంటున్నవాడి చేతులు ఆగిపోయాయి. తాతబాబు ఇటు తిరిగి మనవాణ్ణి కింద నుంచి పైదాకా చూశాడు. ముందు వరసలో ఆవిడ కూడా తిరిగి చూసింది.

"పదిహేడు వందలు," అంది.

"పద్దెనిమిది!" అన్నాడు శివరామకృష్ణ. పోటీ వస్తే లాభం ఉన్నట్టే గుర్తు, ఇరవై రెండో పాఠం.

ఆవిడ నడుం దగ్గర కట్టుకున్న చిన్న సంచి తడుముకుంది. "రెండు వేలు."

"రెండు వేల వంద!"

ఆవిడ ఇంకేం అనలేదు. తాతబాబు "ఒకటోసారి" అని ఆగాడు. ఎంతసేపు ఆగాడంటే, పక్క రేవులో ఒక బోటు వచ్చి తాడు కట్టుకునేంత సేపు. "బాబూ, ఏ ఊరు మనది?" అని అడిగాడు. "గోపాలపట్నం" అన్నాడు శివరామకృష్ణ దర్జాగా. తాతబాబు నిట్టూర్చాడు. "రెండోసారి." మళ్లీ ఆగాడు. ఇదేదో ఇక్కడి పద్ధతి కాబోలనుకున్నాడు మనవాడు. చివరికి మూడోసారి కూడా అనక తప్పలేదు. పాటలో పడ్డ మాట పడ్డట్టే. డబ్బు కట్టించుకున్నారు, కుప్ప అతనిదైంది.

ఆవిడ ఖాళీ తట్టలు ఒకదానిలో ఒకటి పెట్టుకుని, వెళ్లి ఐసు మర గోడ కింద కూర్చుంది.

రెండు వేల వందకి కొన్నాడు. మూడు వేలకి అమ్మితే తొమ్మిది వందలు! ధనశ్రీ మొహం ఎలా ఉంటుందో తల్చుకుని శివరామకృష్ణ తనలో తనే నవ్వుకున్నాడు. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. చిల్లర వ్యాపారం చేసే ఒకావిడని పిలిచి "అమ్మా, కానాగంతలు కావాలా" అన్నాడు. ఆవిడ అతని భుజం మీదుగా సముద్రాన్ని చూసి వెళ్లిపోయింది. ఇంకొకావిడకి చెవుడొచ్చినట్టుంది. చేప వేడెక్కుతోందని ఐసు దగ్గరికెళితే, "అయిపోనాది బాబూ" అన్నాడు ఐసువాడు. అతని వెనకాల మరలో ఐసు దడదడ పడుతూనే ఉంది. తట్ట పట్టమంటే కూలీకి నడుం నొప్పి. ఆటోవాడికి గోపాలపట్నం ఎక్కడో తెలీదు. ఆ హార్బర్ మొత్తం మీద అతని సరుకుని ఆదరించింది కాకులు మాత్రమే.

ఎల్లారావు రెండు టీలు పట్టుకుని వచ్చేసరికి, మనవాడు తువ్వాలుతో కాకుల్ని తోలుతున్నాడు.

"ఏటిది బావా?"

"కుప్ప. నేనే పాడాను. అందరూ జంకుతుంటే..."

"ఎవుల బోటు కుప్ప?"

"సత్యం గారిదట. ఎవరో ఒకావిడ పోటీకొచ్చింది గానీ..."

ఎల్లారావు టీ గ్లాసులు రెండూ నేల మీద పెట్టేశాడు. "సింహాద్రమ్మ," అన్నాడు.

తర్వాత చెప్పాడు. సింహాద్రమ్మ పెనిమిటి ఆ సత్యం బోటు మీదే పని చేసేవాడు. నిరుడు కార్తీకంలో వల లాగుతూ నీళ్లలో పడిపోయాడు. బోటొచ్చింది, మనిషి రాలేదు. హార్బర్‌లో అందరూ తలా కొంత వేసి పట్టుకెళ్తే, ఆవిడ గుమ్మంలోనే ఆపేసింది. "నా పెనిమిటి పోనాడు గానీ నా సేతులు పోలేదు, యాపారం సేసుకుంటాను" అంది.

"అప్పట్నుంచీ ఆ బోటొచ్చిన రోజు ఒక్క కుప్ప. ఒక్కటే బావా. ఆమె ధర సెప్పినాక ఎవులూ పాడరు. ఊరుకోమని ఎవులూ ఎవులికీ సెప్పుకోలేదు. తాతబాబు మూడు సార్లూ పద్ధతిగానే అంటాడు. ఊరుకుంతన్నామని ఆమెకీ తెల్సు. తెల్సని మాకూ తెల్సు. పైకి ఎవులూ అనం. అంటే ఆమె మల్లీ పాటకి రాదు."

శివరామకృష్ణకి తల కొట్టేసినట్టయింది. ముప్పై మంది మూర్ఖుల మధ్య తెలివైనవాడు తానొక్కడే అనుకున్నాడు. ముప్పై మంది పెద్దమనుషుల మధ్య మూర్ఖుడు ఒక్కడే అని తేలింది. అతనికి ఏడుపొచ్చింది. ఇది సరదాకి అంటున్న మాట కాదు, నిజంగానే కళ్లలో నీళ్లు తిరిగాయి.

సరాసరి గోడ దగ్గరికెళ్లి సింహాద్రమ్మ ముందు నిలబడ్డాడు. "అమ్మా, తెలీక చేశాను. ఆ చేపలు మీరు తీసుకోండి. డబ్బేం వద్దు."

సింహాద్రమ్మ తలెత్తింది. "ఏటి బాబూ, నిన్ను నానేటైనా అడిగినానా? పాడుకున్నావు, నీయి. పట్టుకెల్లు."

"పోనీ, పదిహేను వందలకే ఇస్తాను."

"ధర సెప్పీడానికి నువ్వెవులివి? ఇక్కడ ధర పాటలోనే తేలతాది." ఆవిడ మొహం తిప్పేసుకుంది.

నోట్లో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది మనవాడికి. దానం వద్దంది, చవక బేరం వద్దంది. నలభై ఒక్క పాఠాలూ మనసులో తిరగేశాడు. ఒక్కటీ అక్కరకి రాలేదు. అంతలో వెనక నుంచి తాతబాబు ఎవరికో చెబుతున్నట్టు, ఎవరూ లేనివైపు తిరిగి, పెద్ద గొంతుతో అన్నాడు: "కొన్నోడు ఆ కుప్పని మల్లీ పాటకెట్టకూడదని ఏటీ లేదు గదా!"

శివరామకృష్ణ ఒక్క గెంతులో కుప్ప దగ్గరికెళ్లాడు. "పాట పెట్టండి," అన్నాడు.

జనం మెల్లగా మళ్లీ చేరారు. తాతబాబు గొంతెత్తాడు. "కానాగంతలు, రెండు తట్టలు! ఎంతకి?" ఎవరూ మాట్లాడలేదు. సింహాద్రమ్మ గోడ దగ్గర్నుంచి లేవలేదు. తాతబాబు మళ్లీ అడిగాడు. శివరామకృష్ణ మనసులో సింహాచలం అప్పన్నకి మొక్కుకున్నాడు. ఆవిడ పాడకపోతే? ఈ రోజు ఖాళీ తట్టలతో ఇంటికెళ్లిపోతే? రేపటి నుంచి అసలు రావడమే మానేస్తే? పుస్తకాలూ అరా రూపాయీ, ఏవీ గుర్తు లేవు అతనికి.

"ఎంతకీ?" మూడోసారి అడిగాడు తాతబాబు.

సింహాద్రమ్మ తట్టలు పట్టుకుని లేచింది. "పదిహేను వందలు."

తలపాగావాడు తలపాగా విప్పాడు. ఇంకొకడు ఆకాశం చూశాడు. శివరామకృష్ణ కూడా ఆకాశం వైపు చూశాడు. జీవితంలో అంత గట్టిగా అతను ఎప్పుడూ నోరు మూసుకోలేదు.

"ఒకటోసారి!"

అప్పుడు పక్కన ఉన్న ఒకతను ముందుకి వంగాడు. మెళ్లో గొలుసు, కొత్త చొక్కా, సబ్బవరంలో కొత్తగా చేపల కొట్టు పెట్టాడట. అతని కళ్లల్లో మెరుపు చూడగానే శివరామకృష్ణ పోల్చుకున్నాడు. అది పదిహేడో పాఠం మెరుపు. అతను నోరు తెరిచేలోగా మనవాడు కాలెత్తి, ఉన్న డెబ్భై కిలోల బరువూ వేసి అతని పాదం తొక్కాడు.

"అబ్బా!" అన్నాడు సబ్బవరం ఆయన.

"అబ్బా అంటే ధర కాదు," అన్నాడు తాతబాబు. "రెండోసారి!"

"పదిహేను వందల ఒకటి," అంది సింహాద్రమ్మ.

అందరూ అటు తిరిగారు. తన పాట మీద తనే పాడిన మనిషిని ఆ హార్బర్ ఎప్పుడూ చూడలేదు.

"ఏటలా సూత్తారు?" అందావిడ. "కొత్తోడి బోణీ. సున్నాలతో ఏటి బేరం?"

మూడోసారి అన్నాడు తాతబాబు. ఐసు ఎక్కడి నుంచో పుట్టుకొచ్చింది. కూలీకి నడుం నొప్పి తగ్గింది. సింహాద్రమ్మ సంచి విప్పి నోట్లు లెక్కపెట్టి ఇచ్చింది. చివర ఒక రూపాయి బిళ్ల తీసి, విడిగా అతని అరచేతిలో పెట్టింది.

"మల్లీ వత్తే నోరు మూసుకు నిల్సో బాబూ. అది రానోడికి ఇక్కడ ఏ యాపారమూ రాదు."

ఇంటికి బండి మీద వస్తూ దారంతా ఆలోచించాడు. రూపాయైతే జేబులో ఉంది. ధనశ్రీ అడిగింది కూడా రూపాయే. అది చూపించి ఊరుకుంటే అర దక్కుతుంది, మిగతా సంగతి ఎవరికి తెలుసు? ఎన్‌ఏడీ కొత్తరోడ్డు దాకా ఈ ఆలోచన చాలా బాగుంది. అక్కడ సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు తన మీద తనకే సిగ్గేసింది.

ధనశ్రీ పిండి ప్యాకెట్లు కడుతోంది. చేతులకి పిండి. అతను రూపాయి బిళ్ల తెచ్చి గ్రైండర్ పక్కన పెట్టాడు.

"పుస్తకం పట్టుకుని సంపాదించిందేనా?" అంది, నవ్వాపుకుంటూ.

అతను కింద కూర్చుని మొత్తం చెప్పాడు. పదిహేడో పాఠం చెప్పాడు, కాకులు చెప్పాడు, సింహాద్రమ్మ మాట ఉన్నదున్నట్టు చెప్పాడు. రెండు వేల వంద పెట్టానని, పదిహేను వందల ఒకటి వచ్చిందని చెప్పాడు.

"ఐదువందల తొంభై తొమ్మిది," అంది ధనశ్రీ వెంటనే. "నష్టమేంటండీ చెప్పుల ధరలా ఉంది!" ఇక ఆపుకోలేక, పిండి చేతులు గాల్లో పెట్టుకుని, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. "నోరు మూసుకోమని ఆవిడ చెప్పింది కదా, అది పన్నెండేళ్ల నుంచీ నేను చెబుతున్నదే! అచ్చేసి ఇవ్వలేదని వినలేదు మీరు."

నవ్వి నవ్వి, మోచేత్తో కళ్లు తుడుచుకుని అతని వంక చూసింది. ఇంకోలా చూసింది ఈసారి.

"పందెంలో నష్టం సంగతి నేనడగలేదు. రూపాయి చూపించమన్నాను, చూపించారు. అర మీదే."

ఆ రూపాయి తీసుకెళ్లి పోపుల డబ్బాలో, ఆవాల గిన్నె కింద పెట్టింది. అది మాత్రం తిరిగివ్వలేదు.

అర అతనిదే అయింది. అయినా ఆ సాయంత్రమే పది పుస్తకాలు సంచిలో వేసుకుని నజీర్ కొట్టులో ఇచ్చేసి వచ్చాడు. నజీర్ ఒకటి రెండుసార్లు లెక్కపెట్టి, "పదకొండు కదా సాబ్ తీసుకెళ్లింది?" అన్నాడు. శివరామకృష్ణ వినపడనట్టు బండి తీశాడు. మినపగుళ్ల బస్తాని తనే ఎత్తి అరలో పెట్టాడు. పదకొండోది, వాన నాడు చొక్కాలో దాచి తెచ్చింది, తలగడ కిందకి తోశాడు. ధనశ్రీ చూసింది. చూసి, దుప్పటి సర్దుకుంటున్నట్టు అటు తిరిగింది.

మళ్లీ ఆదివారం నాలుగింటికి ఆవిడ గ్రైండర్ పెట్టేసరికి అతను చొక్కా తొడుక్కుని గుమ్మంలో ఉన్నాడు.

"ఎక్కడికండీ ఈ వేళప్పుడు?"

"హార్బర్‌కి. ఇవాళ సత్యం బోటొస్తుందట, ఎల్లారావు చెప్పాడు."

"ఏం కొంటారు మళ్లీ?"

"ఏమీ కొనను."

"మరెందుకు?"

శివరామకృష్ణ బండి తాళం చేతిలో తిప్పాడు. "అక్కడ ఊరుకునేవాళ్లలో ఒకడు తగ్గకూడదు కదా," అన్నాడు.

ధనశ్రీ గ్రైండర్ ఆపింది. చేతులు కడుక్కుని, పోపుల డబ్బా తెరిచి రెండొందల నోటు ఒకటి, మేకుకి తగిలించిన సంచి ఒకటి తెచ్చి అతని చేతిలో పెట్టింది.

"వచ్చేటప్పుడు ఆవిడ దగ్గర కేజీ కానాగంతలు తీసుకురండి. బేరమాడకండి. మీకది రాదు."